మైదా మాడకుండా నల్లబడాలి: లూసియానా చికెన్ గంబో ఇంట్లో చేసే పద్ధతి

గంబో అంటే అన్నం మీద పోసుకునే పులుసు లాంటి వంట. అది కుదురుతుందా లేదా అన్నది మొదటి ముప్పావు గంటలోనే తేలిపోతుంది. అప్పటికి గిన్నెలో ఉండేవి రెండే: నూనె, మైదా. ఆ రెండింటినీ సన్నటి సెగ మీద, గరిటె ఆపకుండా, డార్క్ చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయించాలి. దీన్ని అక్కడ 'రూ' అంటారు. కోడి, సాసేజ్, బెండకాయ, కారం, మిరియాలు అన్నీ ఆ తర్వాతే. రూ సగంలో ఆపేసి, తగ్గిన రుచిని కారంతో పూడ్చుకుందామని చూస్తే నోరు మండే కోడి పులుసు వస్తుంది గానీ గంబో రాదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు రూకే ఇస్తున్నాం.

గంబో అమెరికా దక్షిణాన ఉన్న లూసియానా రాష్ట్రపు వంట. 1803 నాటికే అక్కడి న్యూ ఆర్లీన్స్ నగరపు విందుల్లో దీని ప్రస్తావన ఉంది. పేరు ఆఫ్రికా నుంచి వచ్చింది. బంటు భాషల్లో బెండకాయకు ఉన్న 'ఎన్‌గోంబో' అనే మాటే గంబో అయింది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన మనుషులతో పాటు ఆ కాయ, ఆ మాట కూడా అమెరికా చేరాయి. రూ ఫ్రెంచి వాళ్లది. పైన చల్లుకునే ఫిలే పొడి ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న చోక్టా ప్రజలది. ఇన్ని చేతులు పడ్డ వంట కాబట్టే ఇంటికొక గంబో ఉంటుంది. అయినా స్థూలంగా దారులు రెండు. న్యూ ఆర్లీన్స్ క్రియోల్ వాళ్లు, అంటే వలస కాలం నుంచీ ఆ నగరంలో ఉన్న ఫ్రెంచి, స్పానిష్, ఆఫ్రికా మూలాల కుటుంబాలు, రూను కాస్త లేత రంగులో ఆపి, రొయ్యలు, పీతలు వేస్తారు, కొందరు టమాటా కూడా వేస్తారు. 1755 నుంచి కెనడా తీరంలోని అకాడియా నుంచి వెళ్లగొట్టబడి లూసియానా పల్లెల్లో స్థిరపడిన ఫ్రెంచి రైతుల సంతతి కేజన్లు. వాళ్ల గంబోలో రూ నల్లగా ఉంటుంది, కోడి, పొగ పట్టిన సాసేజ్ పడతాయి, టమాటా ఊసుండదు. ఇక్కడ చెప్పేది కేజన్ పద్ధతి.

కావాల్సినవి (ఆరుగురికి)

స్టాక్‌కి (కోడి ఉడికించి వడకట్టిన నీళ్లు): ఎముకతో ఉన్న కోడి కాళ్లు, తొడలు 1.2 కిలోలు, నీళ్లు 2.5 లీటర్లు, ఒక ఉల్లిపాయ, సెలరీ ఆకులు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు.

రూకి: మైదా ఒక కప్పు (125 గ్రాములు), రిఫైన్డ్ నూనె ముప్పావు కప్పు (180 మిల్లీలీటర్లు).

కూరగాయలు: ఉల్లిపాయలు 300 గ్రాములు, సెలరీ కాడలు 150 గ్రాములు, పచ్చ క్యాప్సికం 150 గ్రాములు, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు.

పొగ పట్టించిన సాసేజ్ 350 గ్రాములు. లేత బెండకాయలు 250 గ్రాములు (ఇష్టమైతే).

దినుసులు: ఎండు మిరప కారం ముప్పావు టీస్పూను, నల్ల మిరియాల పొడి ఒక టీస్పూను, తెల్ల మిరియాల పొడి అర టీస్పూను, ఎండు థైమ్ ఒక టీస్పూను, బే ఆకులు రెండు, ఉప్పు. చివర్లో వేయడానికి ఒక కట్ట ఉల్లికాడలు, కొంచెం పార్స్‌లీ.

ఈ జాబితాలో తేడా జరిగేది నాలుగు చోట్ల.

మొదటిది బే ఆకు. మన బిర్యానీ ఆకు అది కాదు. బిర్యానీ ఆకు దాల్చినచెక్క జాతి చెట్టుది, దాల్చిన వాసనే ఇస్తుంది. గంబోలో వేసేది మధ్యధరా ప్రాంతపు లారెల్ చెట్టు ఆకు. ఆకు మీద పొడుగ్గా మూడు ఈనెలు కనిపిస్తే బిర్యానీ ఆకు, మధ్యలో ఒకటే ఈనె ఉండి పక్కలకు చీలితే లారెల్. దొరక్కపోతే మానేయండి. బిర్యానీ ఆకు వేస్తే ఒక్కసారిగా పలావు వాసన వచ్చేస్తుంది.

రెండోది కారం. లూసియానాలో వాడే కయెన్ మిరపకి గుంటూరు సన్నం ఘాటులో దగ్గరగా ఉంటుంది, నిశ్చింతగా వాడొచ్చు. అయితే అది ఉత్త మిరప పొడి అయ్యుండాలి. వెల్లుల్లి, మెంతులు, ధనియాలు కలిపి దంచిన కూరకారం ఇందులో పనికిరాదు. ముప్పావు టీస్పూను తక్కువ అనిపిస్తుంది. మిరియాలు రెండు రకాలూ తోడవుతాయి కాబట్టి గొంతులో వెచ్చగా తగులుతుంది. నాలుక మొద్దుబారితే రూ రుచి తెలియదు.

మూడోది సాసేజ్. అసలైనది ఆండూయి, పంది మాంసాన్ని ముతకగా కొట్టి, బాగా పొగ పట్టించి చేస్తారు. న్యూ ఆర్లీన్స్‌కి మిసిసిపీ నది ఎగువన ఉన్న లాప్లాస్ అనే ఊరు దీనికి పేరు మోసింది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు మామూలు సూపర్ మార్కెట్లోనే దొరుకుతుంది, పంది తినని వాళ్లకు చికెన్, టర్కీ ఆండూయి కూడా ఉంటాయి. హైదరాబాద్‌లో, విజయవాడలో అయితే ప్యాకెట్ మీద 'స్మోక్డ్' అని ఉన్న సాసేజ్ ఏదైనా తీసుకోండి. గోవా సాసేజ్ వద్దు, దాని వెనిగర్ పులుపు గంబో మొత్తాన్ని తన వైపు లాక్కుంటుంది. మెత్తటి చికెన్ సాసేజ్ తప్ప మరేదీ దొరక్కపోతే అర టీస్పూను స్మోక్డ్ పాప్రికా కలపండి. లేదా దించే ముందు హైదరాబాదీ వంటల్లో చేసినట్టు ఒక చిన్న గిన్నెలో ఎర్రగా కాలిన బొగ్గు పెట్టి, దాన్ని గంబోలో తేలేలా ఉంచి, బొగ్గు మీద రెండు చుక్కలు నూనె వేసి మూత పెట్టండి. అయిదు నిమిషాలు చాలు. నెయ్యి మాత్రం వేయొద్దు, వాసన దారి మళ్లుతుంది.

నాలుగోది సెలరీ. ఉల్లి, సెలరీ, క్యాప్సికం మూడింటినీ కలిపి లూసియానాలో 'ట్రినిటీ' అంటారు, మన పోపు దినుసుల్లా ఏ వంటకైనా అదే మొదలు. సెలరీ లేకపోతే క్యాప్సికం ఇంకో 50 గ్రాములు పెంచి, పార్స్‌లీ కాడలు తరిగి వేయండి. వాము ఆకు, కొత్తిమీర వద్దు. అల్లం, పసుపు, గరం మసాలా కూడా దరిదాపులకు రానివ్వొద్దు.

1. ముందు స్టాక్

కోడి ముక్కల తడి తుడిచి, ఉప్పు, మిరియాలు పట్టించి, రెండు చెంచాల నూనెలో అన్ని వైపులా ఎర్రబడేలా వేయించండి. చర్మంతో ఉన్న కోడి దొరికితే ఇంకా మంచిది. నీళ్లు పోసి, ఉల్లిపాయ, సెలరీ ఆకులు, వెల్లుల్లి వేసి సన్నటి సెగ మీద 45 నిమిషాలు ఉడికించండి. పైకి తేలే తెట్టు తీసేస్తూ ఉండాలి. తెరలు తెరలుగా మరిగిస్తే స్టాక్ మడ్డిగా అవుతుంది. ముక్కలు తీసి, చల్లారాక ఎముక నుంచి మాంసం విడదీసి పక్కన పెట్టండి. వడకట్టిన స్టాక్ రెండు లీటర్లు ఉండాలి. తగ్గితే నీళ్లతో నింపండి.

నాటుకోడి దొరికేవాళ్లు దాన్నే వాడండి. కేజన్ పల్లెల్లో గుడ్లు పెట్టడం మానేసిన ముసలి పెట్టనే గంబోకి కోసేవాళ్లు. ముదురు ఎముకల సారం ఫారం కోడిలో రాదు. ఈస్టర్ ఉపవాసాలు మొదలయ్యే ముందు రోజు వచ్చే మార్డీ గ్రా పండుగనాడు అక్కడి ఊళ్లలో ముసుగులు వేసుకున్న గుంపులు గుర్రాల మీద ఇంటింటికీ తిరిగి గంబోకి సరుకులు అడుగుతాయి. ఇంటివాళ్లు వదిలిన కోడిని వెంటపడి పట్టుకోవడం ఆ వేడుకలో ముఖ్యమైన ఘట్టం. ఆ కోళ్లు గంటల తరబడి ఉడికే రకం. మీ నాటుకోడికీ విడిగా రెండు గంటలు పడుతుంది. కుక్కర్లో అయితే అయిదారు కూతలు రానిచ్చి, సెగ తగ్గించి మరో పావుగంట ఉంచండి.

2. రూ మొదలుపెట్టే ముందే అన్నీ తరిగి పెట్టుకోండి

ఉల్లి, సెలరీ, క్యాప్సికం శెనగగింజ కన్నా కాస్త పెద్ద ముక్కలుగా తరిగి, ఉల్లి ఒక గిన్నెలో, మిగతా రెండూ మరో గిన్నెలో, పొయ్యి పక్కనే, చేతికి అందేలా పెట్టండి. రూ కావాల్సిన రంగుకి చేరాక నిమిషం కూడా ఆగదు. అప్పుడు ఉల్లిపాయలు వెతుక్కుంటే మాడిపోతుంది.

సాసేజ్‌ని అర సెంటీమీటరు మందం బిళ్లలుగా కోసి, గంబో వండబోయే గిన్నెలోనే మధ్యస్థ సెగ మీద ఏడెనిమిది నిమిషాలు, అంచులు ఎర్రబడేదాకా వేయించి తీసేయండి. కారిన కొవ్వును వడకట్టి, రూ నూనె కొలతలో కలుపుకోండి. వడకట్టడం మానొద్దు. కింద మిగిలిన మాంసపు నలకలు రూలో మాడి నల్ల చుక్కలవుతాయి. అవి మైదా మాడిన చుక్కలో, సాసేజ్ చుక్కలో తేల్చుకోలేక మంచి రూను పారబోసే ప్రమాదం ఉంది. గిన్నె కూడా ఒకసారి తుడిచేయండి.

3. రూ

గిన్నె అడుగు మందంగా, అయిదారు లీటర్లు పట్టేలా ఉండాలి. ఇనుప గిన్నె, ఎనామిల్ పూసిన ఇనుము, దళసరి అల్యూమినియం బాగుంటాయి. పలచటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాడి, పక్కన పచ్చిగా ఉంటుంది. గరిటె చెక్కదై, కొస చదునుగా ఉంటే అడుగు మొత్తం గీసుకుంటూ తిప్పొచ్చు. గుండ్రటి గరిటె మూలల్లోకి పోదు, మాడేది ముందు ఆ మూలల్లోనే.

నూనె పొద్దుతిరుగుడుదో, తవుడుదో తీసుకోండి. వెన్నలో పాల పదార్థం ముందే మాడుతుంది. నెయ్యి వేడికి తట్టుకుంటుంది గానీ దాని వాసన గంబోది కాదు. గానుగ నూనెలు కూడా సొంత వాసనతో అడ్డొస్తాయి.

నూనెను మధ్యస్థ సెగ మీద వేడిచేసి, చిటికెడు మైదా వేస్తే చిన్నగా నురగ కట్టే దశలో మైదాను మూడు విడతలుగా వేసి ఉండలు లేకుండా కలపండి. ఆ తర్వాత సెగను మధ్యస్థానికి కాస్త కిందికి దించండి. ఇక గరిటె ఆగకూడదు. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా వేరేవాళ్లు చూసుకోవాలి.

రంగు, వాసన ఇలా మారుతూ వస్తాయి.

అయిదు నిమిషాలకి పచ్చి పిండి వాసన పోతుంది. పది పన్నెండు నిమిషాలకి లడ్డూకి వేయించిన శెనగపిండి రంగు, కమ్మటి వాసన. మన చేతికి అలవాటైన ఘట్టం ఇదే, చెయ్యి తనంతట తనే పొయ్యి కట్టేయబోతుంది. కట్టేయొద్దు. ఇరవై నిమిషాలకి వేరుశెనగ ముద్ద రంగు, వేయించిన పల్లీల వాసన. అరగంటకి పాత రాగిచెంబు రంగు. ఇక్కడి నుంచి కమ్మదనం తగ్గి, కాఫీ గింజలు వేయించినట్టు ఒక ఘాటు మొదలవుతుంది. ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలకి నల్లబెల్లం రంగు. నలభై అయిదుకి అటూ ఇటుగా డార్క్ చాక్లెట్. ముద్దగా మొదలైనది అప్పటికి పలచబడి, మెరుస్తూ, గరిటె మీద నుంచి జారుతుంది.

నిమిషాలు మీ పొయ్యిని బట్టి మారతాయి. నమ్మాల్సింది రంగును, ముక్కును. చివరి పది నిమిషాల్లో రంగు వేగంగా మారుతుంది కాబట్టి రాగి రంగు దాటగానే సెగ ఇంకొంచెం తగ్గించండి. మొదటిసారి చేసేవాళ్లు నల్లబెల్లం రంగు దగ్గర ఆగినా మంచి గంబోనే వస్తుంది. అలా రెండుసార్లు చేశాక చాక్లెట్ దాకా వెళ్లొచ్చు.

నల్ల చుక్కలు కనిపించినా, కాలిన కాగితం లాంటి వాసన వచ్చినా రూ పోయినట్టే. వడకట్టినా, పంచదార వేసినా, బంగాళదుంప వేసినా ఆ చేదు పోదు, రెండు లీటర్ల స్టాక్‌నీ కోడినీ తనతో పాటు పాడుచేస్తుంది. పోయేది కప్పు మైదా, నూనె మాత్రమే. చల్లార్చి పారేసి, గిన్నె కడిగి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంత నల్లగా ఎందుకంటే, మైదాలోని పిండి పదార్థం, మాంసకృత్తులు వేడికి మారి, కాల్చిన రొట్టె పెచ్చులో, కాఫీలో, కోకోలో ఉండే జాతి రుచులు పుట్టిస్తాయి. దానికి చెల్లించే మూల్యం ఒకటుంది. పిండి పదార్థపు పొడుగాటి గొలుసులు వేడికి తెగిపోతాయి కాబట్టి రూ నల్లబడేకొద్దీ చిక్కదనం ఇచ్చే శక్తి తగ్గుతుంది. లేత రూతో రెండు లీటర్ల స్టాక్ గంజిలా గట్టిపడుతుంది, నల్ల రూతో పులుసులానే ఉంటుంది. కేజన్ గంబో పలచగా ఉందంటే రూ సరిగ్గా వేగిందనే. కంగారుపడి చివర్లో పచ్చి మైదా కలిపితే ముప్పావు గంట కష్టం వృథా.

ఒక హెచ్చరిక. ఈ దశలో రూ వేడి మరిగే నీటి కన్నా చాలా ఎక్కువ, పైగా చర్మానికి అతుక్కుంటుంది. లూసియానా వంటవాళ్లు దీన్ని కేజన్ నాపామ్ అంటారు (నాపామ్ అంటే ఒంటికి అంటుకుని మండే బాంబు పదార్థం). పొడుగు పిడి గరిటె వాడండి, వేలితో రుచి చూడొద్దు, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వొద్దు.

నిలబడి తిప్పే ఓపిక లేకపోతే ఓవెన్ దారి ఉంది. నూనె, మైదా ఇనుప గిన్నెలో కలిపి, మూత లేకుండా 175 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టి, ఇరవై నిమిషాలకోసారి అడుగు నుంచి కలపండి. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మాడే భయం చాలా తక్కువ, రుచిలో తేడా పెద్దగా తెలియదు. దీనికి వ్యతిరేక దారి కూడా ఉంది. కేజన్ వంటను దేశమంతటికీ పరిచయం చేసిన న్యూ ఆర్లీన్స్ షెఫ్ పాల్ ప్రుడోమ్ నూనెను పొగ వచ్చేదాకా కాచి, అందులో మైదా వేసి విస్కుతో (గుడ్లు గిలకొట్టే తీగల గరిటె) వేగంగా తిప్పుతూ కొద్ది నిమిషాల్లో నల్ల రూ తీసేవాడు. చెయ్యి తిరగకుండా అది చేయొద్దు. రంగుకి రంగుకి మధ్య క్షణాలే ఉంటాయి, నూనె చిందుతుంది.

4. కూరగాయలతో వేపుడు ఆపడం

పొయ్యి కట్టేసినా గిన్నెలోని వేడికి రూ ఇంకా నల్లబడుతూనే ఉంటుంది. అందుకే మీరు కోరుకున్న రంగుకి ఒక మెట్టు ముందే ఉల్లిపాయలు మొత్తం వేసేయాలి. గిన్నెకి కాస్త దూరంగా నిలబడి వేయండి, బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఉల్లిలోని నీరు రూ వేడిని ఒక్కసారిగా దించుతుంది. రెండు మూడు నిమిషాలు కలిపాక సెలరీ, క్యాప్సికం వేయండి. ఉల్లి ముందు పడటానికి కారణం, దానిలోని చక్కెరలు ఆ వేడికి కొంచెం కాలి రంగుని, తీపిని లోతు చేస్తాయి. అన్నీ ఒకేసారి వేస్తే సెలరీ, క్యాప్సికం నీళ్లు ఊరి ఉల్లి ఉడికిపోతుంది. ఏడెనిమిది నిమిషాల్లో మూడూ మెత్తబడతాయి. చివర వెల్లుల్లి వేసి ఒక్క నిమిషం. దాంతో పాటే కారం, రెండు మిరియాల పొడులు, థైమ్ వేసేయండి.

5. స్టాక్ కలపడం

స్టాక్ గోరువెచ్చగా ఉండాలి. ముందు ఒక గరిటెడు పోసి కలపండి, బురద ముద్దలా అవుతుంది. ఇంకో గరిటెడు, ఇంకొకటి. నాలుగైదు గరిటెల తర్వాత మిగతాది సన్నటి ధారగా పోసుకోవచ్చు. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడతాయి, నూనె పొంగి పొయ్యి మీద పడుతుంది. కలిపాక మొదట్లో విరిగిపోయినట్టు, నూనె వేరు, నీరు వేరుగా కనిపించొచ్చు. మరిగే కొద్దీ కలిసిపోతుంది.

ఒక పొంగు రాగానే సెగ తగ్గించి, సాసేజ్, బే ఆకులు వేసి, మూత ఓరగా పెట్టి గంటసేపు సన్నగా ఉడకనివ్వండి. మొదటి అరగంటలో రుచి చూసి దిగులుపడొద్దు. పిండి రుచి, చిరుచేదు ఉంటాయి, ముప్పావు గంట దాటాకే సర్దుకుంటాయి. పదిహేను నిమిషాలకోసారి అడుగు గీస్తూ కలపాలి. ఎప్పుడైనా అడుగంటినట్టు గరిటెకి తగిలితే గోకొద్దు. పైన ఉన్నదాన్ని అలాగే ఇంకో గిన్నెలోకి వంచేసుకోండి, మాడు వాసన పైకి పాకకుండా ఉంటుంది.

ఉడుకుతున్న కొద్దీ నూనె పైకి తేలుతుంది. మన కూరల్లో నూనె తేలితే కూర అయినట్టు లెక్క. గంబోలో దాన్ని లోతు గరిటెతో తీసేయాలి, పావు కప్పు దాకా రావొచ్చు. తీయకపోతే అన్నంలో కలిపినప్పుడు నోటికి జిడ్డు పట్టి రూ రుచి కప్పేస్తుంది. తీసిన నూనె పారేయకండి, మర్నాడు గుడ్లు వేయించుకోవడానికి చాలా బాగుంటుంది.

ఉప్పు ఇప్పుడు, అంటే గంట ఉడికాక చూసి వేయండి. సాసేజ్ తన ఉప్పు వదిలాక గానీ ఎంత కావాలో తెలియదు.

6. బెండకాయ

బెండకాయ వేపుడు చేసేటప్పుడు జిగురు లేకుండా ఎన్ని పాట్లు పడతామో తెలిసిందే. గంబోలో ఆ జిగురు కోసమే బెండకాయ వేస్తారు, నల్ల రూ పోగొట్టుకున్న చిక్కదనాన్ని అదే తిరిగిస్తుంది. అలాగని పచ్చిముక్కలు నేరుగా వేస్తే సాగుతుంది. సెంటీమీటరు చక్రాలుగా తరిగి, వేరే బాణలిలో రెండు చెంచాల నూనెతో, మూత లేకుండా, పదిహేను ఇరవై నిమిషాలు వేయించండి. తీగలు మాయమై, అంచులు ఎర్రబడ్డాక గంబోలో వేసి ఇంకో అరగంట ఉడికిస్తే ముక్కలు సగం కరిగి పులుసులో కలిసిపోతాయి. బాణలి ఇనుపదైతే బెండకాయ నల్లబడుతుంది. నల్లటి గంబోలో ఆ రంగు తెలియదు గానీ ఇనుము రుచి తగలొచ్చు, స్టీలు బాణలి మేలు.

బెండకాయ వేస్తే ఫిలే అక్కర్లేదు. ఫిలే అంటే సాసఫ్రాస్ అనే చెట్టు ఆకుల్ని ఎండబెట్టి దంచిన పొడి, అదీ చిక్కదనానికే. బెండ వేసవి పంట కాబట్టి కాయలు లేని చలికాలంలో ఫిలే వాడుకునేవాళ్లు. దాన్ని ఉడుకుతున్న గంబోలో వేస్తే దారాలు దారాలుగా సాగిపోతుంది. ఫ్రెంచిలో ఆ పేరుకే దారం తీయడం అనే అర్థం ఉంది. పొయ్యి మీద నుంచి దించాక, లేదా ఎవరి గిన్నెలో వాళ్లు, అర టీస్పూను చల్లుకోవాలి. ఇండియాలో కొట్లలో దొరకదు. అమెరికా నుంచి వచ్చేవాళ్లతో ఒక చిన్న సీసా తెప్పించుకుంటే చాలాకాలం వస్తుంది.

7. చివరి ఇరవై నిమిషాలు

విడదీసిన కోడి మాంసాన్ని ఇప్పుడు వేయండి. ముందే వేస్తే గంటన్నరలో పీచు పీచై పులుసులో కనిపించకుండా పోతుంది. పదిహేను ఇరవై నిమిషాలు ఉడికాక గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి, అయినా గరిటె నుంచి ధారగా జారాలి. గట్టిగా అనిపిస్తే స్టాక్ పోయండి. పలచగా ఉంటే మూత తీసి ఇంకో పావుగంట మరగనివ్వండి. పొయ్యి కట్టేసి ఉల్లికాడలు, పార్స్‌లీ కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి.

వడ్డించడం మన అలవాటుకి తలకిందులు. లోతైన గిన్నెలో అర కప్పు అన్నం మధ్యలో పెట్టి, చుట్టూ, పైన గంబో పోయాలి. అన్నం తక్కువ, గంబో ఎక్కువ, చెంచాతో తినాలి. అన్నం పొడిపొడిగా ఉండాలి, సోనా మసూరి చాలు. బాస్మతి సువాసన అడ్డం వస్తుంది. పక్కన వెనిగర్ ఉన్న మిరప సాస్ ఉంచండి. 1868 నుంచి లూసియానాలోని ఏవరీ ఐలాండ్‌లో తయారవుతున్న టబాస్కో అందరికీ తెలిసినదే. అందులోని పులుపు రూ బరువును విరగ్గొడుతుంది. నిమ్మకాయ పిండితే అంత కలవదు. కేజన్ ఇళ్లలో గంబోతో బంగాళదుంప సలాడ్ కూడా పెడతారు, కొందరు ఆ చల్లటి సలాడ్‌ని వేడి గంబోలోనే ఒక ముద్ద వేసుకుని తింటారు. ఒకసారి చేసి చూడండి, విడవరు.

రొయ్యలతో, ఆకుకూరలతో

రొయ్యల గంబోకి రూను రాగిచెంబు రంగు దగ్గరే ఆపండి. ఇంకా నల్లబడితే రొయ్య తీపి దాని కింద అణిగిపోతుంది. ఒక కిలో రొయ్యల తలలు, పొట్టు కొంచెం నూనెలో ఎర్రబడేదాకా వేయించి, రెండు లీటర్ల నీళ్లు పోసి అరగంట ఉడికించి వడకడితే స్టాక్ అవుతుంది. భీమవరం, కాకినాడ వైపు వాళ్లకు తలలతో ఉన్న తాజా రొయ్యలు సులువు. అదే అమెరికాలో ఉన్నవాళ్లకు తల తీసిన ఫ్రోజెన్ రొయ్యలే ఎక్కువ కనిపిస్తాయి, వాటిలోనూ ఆంధ్ర చెరువులవి చాలా ఉంటాయి. కనీసం పొట్టు ఉన్నవి కొనండి. రొయ్యలు మాత్రం పొయ్యి కట్టే ముందు మూడు నాలుగు నిమిషాలే. ఎక్కువైతే రబ్బరు.

మాంసం తినని వాళ్లకు గంబో జెర్బ్ నమూనా ఉంది. ఈస్టర్‌కి ముందు ఉపవాస రోజుల్లో న్యూ ఆర్లీన్స్‌లో చేసే ఆకుకూరల గంబో ఇది. ఆకులు బేసి సంఖ్యలో, ఏడో తొమ్మిదో రకాలు వేయడం ఆనవాయితీ. కొందరు అందులోనూ మాంసం వేస్తారు గానీ లేకుండానూ బాగుంటుంది. మన దగ్గర ఆవాకు, ముల్లంగి ఆకు, పాలకూర, తోటకూర, క్యాబేజీ, ఉల్లికాడలు, పార్స్‌లీ కలిపితే ఏడు. మొత్తం కిలోన్నర ఆకు తరిగి, నీళ్లలో అరగంట ఉడికించి, సగం మెత్తగా నూరి, ఆ ఉడికిన నీళ్లనే స్టాక్‌గా వాడండి. గోంగూర, చుక్కకూర వేయొద్దు, పులుపు మొత్తం మార్చేస్తుంది. మెంతికూర గుప్పెడు మించొద్దు, రూ చేదుకి దాని చేదు తోడవుతుంది. పొగ రుచికి స్మోక్డ్ పాప్రికా ఒక టీస్పూను వేయండి.

మిగిలితే

గంబో మర్నాటికి ఇంకా బాగుంటుంది, కాబట్టి విందుకి ఒకరోజు ముందే చేసి పెట్టుకోవచ్చు. అంత పెద్ద గిన్నె బయట అలాగే వదిలేస్తే లోపల గంటల తరబడి గోరువెచ్చగా ఉండి పులుస్తుంది. వెడల్పు పాత్రల్లోకి మార్చి, గిన్నె కింద చల్లటి నీళ్లు పెట్టి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి ఎక్కించండి. మూడు రోజులు, ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు ఉంటుంది. పైన గట్టిపడిన కొవ్వు పొరను వేడి చేసే ముందు తీసేయడం తేలిక. అన్నం విడిగా ఉంచండి, కలిపి దాస్తే రూ అంతా పీల్చేసి ముద్దవుతుంది. ఫిలే కలిపిన గంబోను మరిగించకుండా, ఆవిరి వచ్చేదాకా మాత్రమే వేడిచేయాలి. రొయ్యల గంబో అయితే రొయ్యలు తీసి, పులుసు మరిగాక మళ్లీ వేయండి.